ఏ దోమో తెలుసుకోకుండా పొగ పెడితే ఎలా?

వానలు మొదలైతే చాలు, సాయంత్రం పూట వీధుల్లో ఫాగింగ్ బండి తిరుగుతుంది. పొగ కనబడగానే మనం గబగబా తలుపులు, కిటికీలు మూసేస్తాం. బండి వెళ్లాక ‘ఈ వారానికి దోమల బెడద తీరింది’ అనుకుంటాం. డెంగీ దోమ మాత్రం అప్పటికే పరదా వెనకో, మంచం కిందో చేరి ఉంటుంది. తలుపులు మూసేశాం కాబట్టి పొగ దాని దాకా రాదు. ఇక తొట్టెల్లో, డ్రమ్ముల్లో పెరుగుతున్న దాని పిల్లలను ఆ పొగ ఏమీ చేయలేదు.

జ్వరం వస్తే రక్తపరీక్ష లేకుండా మందు రాసిన డాక్టర్ని ప్రశ్నిస్తాం. దోమల విషయంలో మాత్రం అన్నిటికీ ఒకే మందు వేస్తుంటే చూస్తూ ఊరుకుంటున్నాం. ‘ఏ దోమైతేనేం, చంపేస్తే పోలా’ అనేది చాలామంది మాట. ఒక్కో దోమ ఒక్కో నీటిలో పెరుగుతుంది, ఒక్కో వేళ కుడుతుంది, ఒక్కో జబ్బు తెస్తుంది. అది తెలియకపోతే డబ్బూ, శ్రమా వృథా.

ఈ పాఠం మన సికింద్రాబాద్‌లోనే మొదలైంది. 1895లో ఇక్కడ పరిశోధన మొదలుపెట్టిన రోనాల్డ్ రాస్ ఎన్నో దోమలను కోసి చూశారు. అవి బూడిదరంగువి, చారలవి. వాటిలో మలేరియా క్రిమి జాడే లేదు. చివరకు 1897 ఆగస్టు 20న మచ్చల రెక్కల దోమ కడుపులో అది కనిపించింది. అప్పటిదాకా ఆయన చూసినవి మలేరియాను మోయని దోమలు! ఆ మచ్చల రెక్కల దోమే అనాఫిలిస్.

ఇంట్లో మనమూ కొంత గుర్తుపట్టవచ్చు. నల్లటి ఒంటిమీద, కాళ్లమీద తెల్లచారలుండి పగటిపూట కుడితే అది ఎడిస్. డెంగీ, చికున్‌గున్యా దీనివల్లే. గోడమీద తోక భాగం పైకెత్తి ఏటవాలుగా వాలితే అది అనాఫిలిస్ అయి ఉండవచ్చు. ఒళ్లు గోడకు సమాంతరంగా ఉంచి, రాత్రంతా చెవి దగ్గర జుయ్యిమనేది చాలావరకు క్యూలెక్స్. అందులోనూ తేడాలున్నాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ బోదకాలు తెస్తే, వరిమళ్లలో పెరిగే దాని చుట్టం మెదడువాపు తెస్తుంది. ఎడిస్‌లోనూ రెండున్నాయి. వీపుమీద మధ్యలో ఒకే తెల్లగీత ఉన్నది ఎక్కువగా తోటల్లో, చెట్ల తొర్రల్లో ఉంటుంది. రెండు పక్కలా వంపుగీతలున్నది మన ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుంది.

భూతద్దానికి కూడా చిక్కని తేడాలు ఇంకా ఉన్నాయి. మన పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసేది అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. అదంతా ఒకే జాతి అనుకునేవారు. 1980లో క్రోమోజోములు చూస్తే అందులో రెండు జాతులున్నాయని తేలింది. ఆ తర్వాత ఆ లెక్క ఐదుకు చేరింది. వాటికి ఏ, బీ, సీ, డీ, ఈ అని పేర్లు పెట్టారు. పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ‘బీ’ రకం ఎక్కువగా పశువుల రక్తమే తాగుతుంది, మలేరియా వ్యాప్తిలో దాని పాత్ర చాలా తక్కువ. అయితే తమిళనాడులోని రామేశ్వరం దీవిలో ‘బీ’ అనుకున్న దోమల్లోనే మలేరియా క్రిములు కనిపించాయి. తరచి చూస్తే మగదోమల వై క్రోమోజోము ఆకారం రెండు రకాలుగా ఉంది. క్రిమిని మోస్తున్నది వేరే జాతి అని తేలి, దానికి ‘ఈ’ అని పేరు పెట్టారు. పైరూపం చూసి హాని లేదనుకున్న దోమల మధ్యే అసలు దోషి దాక్కుందన్నమాట. దోమలు ఎన్ని ఉన్నాయన్నది లెక్కపెడితే చాలదు, ఏవి ఉన్నాయో తేల్చాలి.

అందుకే నా వాదన ఇది. డెంగీ, మలేరియా కేసుల సంఖ్య చెప్పినట్టే, ఏ వార్డులో ఏ దోమ దొరికింది, ఏ నీటిలో పెరుగుతోంది అన్నది కూడా మున్సిపాలిటీలు, పంచాయతీలు ప్రజలకు చెప్పాలి. అందుకు దోమలను పట్టి గుర్తించే కీటక నిపుణులు కావాలి, ప్రయోగశాలలు కావాలి. అదంతా అదనపు ఖర్చు అనేవారు ఉంటారు. రోగమేదో తెలియకుండా ఏటా మందు కొనడం అంతకన్నా పెద్ద ఖర్చు.

మన వంతు పనీ ఉంది. గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే పాటించమనేది అందుకే. నీళ్లు పారబోస్తే సరిపోదు. ఎడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి కూలర్, డ్రమ్ము, పూలకుండీ పళ్లెం, మూలనపడ్డ రుబ్బురోలు పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ట్యాంకుకు మూత బిగించాలి. పగలు నిద్రపోయే పసిపిల్లలకూ దోమతెర కట్టాలి. ఈసారి ఫాగింగ్ బండి మీ వీధికి వస్తే, తలుపు వేసుకునే ముందు ‘ఏ దోమ కోసం ఈ పొగ?’ అని ఒక్క మాట అడగండి.