మంచులో పనిచేసిన కుంచె – మన బడిలోని చిత్రలేఖనపు గంట

“ఒక ప్రకృతి దృశ్యమును చిత్రింపుడు” అని మన బడిపిల్లలకు చెప్పినచో, చాలమంది వ్రాయు చిత్ర మొక్కటియే. రెండు ముక్కోణపు కొండలు, వాని నడుమ సగము పైకి వచ్చిన సూర్యుడు, ఆ సందునుండి వంకరలు తిరుగుచు దిగివచ్చు నది, గట్టున పూరిల్లు, ప్రక్కన కొబ్బరిచెట్టు, ఆకాశమున నాలుగు పక్షులు. కర్నూలు బాలుడైనను, కాకినాడ బాలికయైనను, ఖమ్మము పిల్లవాడైనను ఇదియే వ్రాయును. ఈ కొండలను వారెవ్వరును చూచియుండలేదు. చూచిన కొండను వ్రాయవచ్చునన్న తలంపే వారికి కలిగియుండదు. ఇది పిల్లల దోషము కాదు. చూచుట నేర్పవలసిన గంటలో మనము నకలు తీయుట నేర్పుచున్నాము. పరీక్షలు దగ్గరపడిన కొలది ఆ గంటను గూడ లెక్కలకును, ఇంగ్లీషునకును అప్పగించుచున్నాము.

చిత్రలేఖనము కాలక్షేపము గాదనియు, అది సత్యమును చూచుటకు కంటికిని చేతికిని ఇచ్చు శిక్షణమనియు, కావున బడిలో దాని గంటను దానికే విడిచిపెట్టవలెననియు నా అభిప్రాయము. దీనికి సాక్షిగా, లోకములో నెల్ల మిక్కిలి చలిగల తావున కొండలను, పక్షులను, మృగములను చిత్రించిన యొక మహనీయుని పనితీరును పాఠకుల ముందుంచుచున్నాను.

ఆయన పేరు ఎడ్వర్డ్ విల్సన్. 1872వ సంవత్సరమున ఇంగ్లండులోని చెల్టన్‌హామ్ పట్టణమున ఒక వైద్యుని యింట జన్మించెను. కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రములు చదివి, లండనులో వైద్యము నేర్చెను. చిత్రకళాశాలలో చదివినవాడు కాడు. చిన్ననాటినుండియు పిట్టలను, పూలను చూచి వ్రాసికొనుచు తనంతట తానే చేయి కుదుర్చుకొనెను. వైద్యము చదువుచుండగా క్షయరోగము సోకినందున నార్వేలోను, స్విట్జర్లండులోని దావోసులోను కొంతకాలము గడుపవలసి వచ్చెను; రోగిగా నున్న ఆ దినములలోను పెన్సిలు విడువలేదు. 1901లో కెప్టెన్ స్కాట్ నాయకత్వమున బయలుదేరిన డిస్కవరీ నౌకలో వైద్యుడుగను, జంతుశాస్త్రజ్ఞుడుగను, చిత్రకారుడుగను దక్షిణధ్రువ ఖండమునకు పోయెను. 1910లో టెర్రా నోవా నౌకపై రెండవమారు పోయినపుడు శాస్త్రజ్ఞుల బృందమునకు ఆయనయే పెద్ద.

వారు విడిదిచేసిన రాస్ ద్వీపమున ఎరెబస్ అను అగ్నిపర్వతము కలదు. అది సముద్రమట్టమునుండి 3,794 మీటర్ల ఎత్తు లేచి, ఒడలెల్ల మంచు కప్పుకొని, కొననుండి పొగ విడుచుచుండును. మనకు రోహిణి యెండలు తగ్గి తొలకరి పడు దినములలో అచ్చట నడిచలికాలము. ఏప్రిలు చివరనుండి ఆగష్టు చివరవరకు, అనగా సుమారు నాలుగు మాసములు, సూర్యుడు కనబడడు. అట్టి చోట నీటిరంగుల పెట్టె తెరచినచో కుంచె మీదనే రంగు గడ్డకట్టును. మరి చిత్రము వ్రాయుట యెట్లు?

విల్సన్ దీనికి తనదైన పద్ధతి నేర్పరచుకొనెను. బయట నుండగా రంగుల జోలికి పోడు. ఒక చిన్న పుస్తకము, ఒక పెన్సిలు, అంతియే. చేతితొడుగు తీసి నాలుగు గీతలు గీయును. వ్రేళ్లు మొద్దుబారగనే తొడుగులో దాచుకొని, వేడి పుట్టిన పిమ్మట మరల తీసి మరి నాలుగు గీతలు గీయును. కొండ అంచు ఎచ్చట విరిగినది, మంచునది ఎచ్చట మలుపు తిరిగినది, నీడ ఎంతవరకు పరచుకొన్నది, ఇవి గీతలలో పట్టుకొనును. రంగులను మాత్రము మాటలలో వ్రాసికొనును. మన మాటలలో చెప్పవలెనన్న, ‘ఇచ్చట నిమ్మపండు పసుపు, దానిపై వంగపూవు ఛాయ, ఈ పల్లమున నెమలికంఠపు నీలము’ అన్నట్లు చిత్రమునిండ గుర్తులుండును. పిమ్మట గుడిసెలోనికి వచ్చి, దీపపు వెలుతురున, ఆ గుర్తులను చూచుకొనుచు నీటిరంగులతో చిత్రమును పూర్తిచేయును. దీపపు వెలుతురు రంగులను మోసపుచ్చును. జ్ఞాపకము అంతకన్న ఎక్కువ మోసపుచ్చును. ఎదుట నిలిచి వ్రాసికొన్న మాట మోసపుచ్చదు. 1911వ సంవత్సరపు చలికాలమున ఆయన తోడివారికి చిత్రలేఖనమును గూర్చి ఉపన్యాసమిచ్చి ఈ పద్ధతిని వివరింపగా, చలికి కొంకర్లు పోవు వ్రేళ్లకు ఇది మిక్కిలి అనువైనదనియు, చూచు అభ్యాసము పెరిగినకొలది దీని నిజాయితీ పెరుగుననియు స్కాట్ తన దినచర్యలో మెచ్చుకొనెను.

ఇందులో గమనింపవలసినది ఒకటి కలదు. రంగునకు పేరు పెట్టవలెనన్న ముందు దానిని చూడవలెను. మంచు తెల్లనిదని మనమందరము చదువుకొన్నాము. కాని చిత్రకారుడు తెల్లరంగు పూసినంతమాత్రమున మంచు కాజాలదు. మంచుగడ్డ నిజముగా రంగులేనిది. దాని సన్నని రేకులు తమపై పడిన వెలుగును నలుదిక్కులకు చెదరగొట్టుటచే తెల్లగా కనబడును. కనుక ఆకాశమే రంగున నున్న, మంచు ఆ రంగును ధరించును. సూర్యుడు దిగంతమున నున్నపుడు ఎండపడిన వాలు గులాబిరంగు దాల్చును. నీడపడిన చోటికి ఎండ చేరదు గనుక పైనున్న నీలాకాశపు వెలుగే అచ్చట పడి, నీడ నీలముగా నుండును. ఈ సంగతి ఎరిగినవాడు తెల్లకాగితమును తాకకుండ విడిచి, దాని చుట్టు నీడలను మాత్రము దిద్ది కొండను నిలబెట్టును. ఎరుగనివాడు సీసాడు తెల్లరంగు పూసి సున్నపుకుప్పను నిలబెట్టును.

అచ్చట గాలిలో తేలు మంచురవ్వల వలన సూర్యచంద్రులకు గుడి కట్టుట తరచుగా జరుగును. విల్సన్ ఆ గుడులను కంటికి ఇంపుగా నుండుటకై పెద్దవి చేయలేదు, చిన్నవి చేయలేదు. ఉన్నది ఉన్నట్లు కొలతలతో వ్రాసెను. అందుచే ఆయన చిత్రములు గోడకు అలంకారమైనట్లే శాస్త్రజ్ఞులకు ఆధారములును అయినవి.

ఈ నిజాయితీకి ఆయన చెల్లించిన వెల తక్కువది కాదు. 1902వ సంవత్సరాంతమున స్కాట్, షాకిల్టన్, విల్సన్ అను మువ్వురు దక్షిణముగా నడచిపోయి, అంతవరకు ఏ మానవుడును చూడని పర్వతపంక్తిని కనుగొనిరి. దినమంతయు బండి లాగి అలసిన పిమ్మట విల్సన్ గంటల తరబడి కూర్చుండి ఆ శిఖరములను వరుసగా వ్రాయుచుండెను. మంచుపై మిరుమిట్లు గొలుపు వెలుగునకు ఆయన కన్నులు వాచి, భరింపరాని మంటతో చూపు మూతపడెను. అప్పుడాయన కన్నులకు గుడ్డ కట్టుకొని, పగ్గము భుజమున వేసికొని, చీకటిలోనే బండి లాగెను. దారిలోని దృశ్యములను స్కాట్ వర్ణించి చెప్పుచుండగా వినుచు నడచెను. కన్నులు బాగుపడగనే మరల పెన్సిలు పట్టెను. మన పిల్లవాడు కొండవంక చూడకుండనే కొండను వ్రాయుచున్నాడు. ఆయన చూచి వ్రాయుటకై కన్నులనే ఒడ్డెను.

మృగపక్షుల విషయమునను ఆయన ఇట్టివాడే. చక్రవర్తి పెంగ్విన్ అను పక్షి సుమారు మూడున్నర అడుగుల ఎత్తుండును. గూడు కట్టదు. గ్రుడ్డును పాదములపై నుంచుకొని, పొట్టక్రింది చర్మపు మడతతో కప్పి పొదుగును. ఆ పని మగపక్షిదే. వసంతారంభమున పోయి చూచినపుడు అప్పటికే పిల్లలు కనబడుటచే, ఈ పక్షి నడిచలికాలపు చీకటిలో గ్రుడ్డు పెట్టుచుండవలెనని విల్సన్ లెక్కకట్టెను. ఆ గ్రుడ్లను తెచ్చుటకై 1911 జూన్ 27వ తేదీన బవర్స్, చెర్రీ-గరార్డ్ అను ఇరువురితో క్రోజియరు అగ్రమునకు బయలుదేరి, ఆగష్టు 1వ తేదీన తిరిగివచ్చెను. ఆ అయిదు వారములలో ఒకనాడు చలి సున్నకు దిగువ 60 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి దిగెను. మూడు గ్రుడ్లు మాత్రము క్షేమముగా చేరినవి. వానిలోని పిండమును చూచి పక్షులు ప్రాకెడు జంతువులనుండి వచ్చిన తెరువు తెలిసికొనవచ్చునని ఆయన తలచెను. ఆ ఆశ నెరవేరలేదు. కాని ఆ పక్షి నిలుచు తీరును, మెడ వంచు తీరును, గుంపుగూడు తీరును ఆయన వ్రాసిన చిత్రములు నేటికిని నిలిచియున్నవి.

ఇచ్చట కొందరు అడుగుదురు: “అయ్యా, నేడు ప్రతివాని చేతిలో ఫోను కలదు. వ్రేలితో తాకిన క్షణములో కొండయు, పక్షియు రంగులతో సహా పడును. ఇక పెన్సిలుతో పనియేమి?” ఈ ప్రశ్న అప్పుడును ఉండెను. 1910లో పోయిన బృందములో హెర్బర్ట్ పాంటింగ్ అను నేర్పరియైన ఛాయాచిత్రకారుడు ఉండెను. ఆయన తీసిన చిత్రములు నేటికిని ప్రఖ్యాతములు. అయినను విల్సన్ పెన్సిలు విడువలేదు, ఎవరును విడువుమని చెప్పలేదు. నాటి ఛాయాచిత్రములు చాలవరకు నలుపు తెలుపులే గనుక రంగులకు కుంచె కావలసియుండెనన్నది ఒక కారణము. ఆ కారణము నేడు లేదు. కాని రెండవ కారణము నేటికిని చెదరలేదు. యంత్రము చూచును, పట్టుకొన్నవాడు చూడవలెనను నియమము లేదు. నూరు ఛాయాచిత్రములు తీసి, కొంగకాలు ఏ వైపునకు మడుగునో చెప్పలేనివాడు ఉండవచ్చును. ఒక్క కొంగను పెన్సిలుతో వ్రాసినవాడు అది చెప్పలేకపోవుట అసంభవము.

తలిదండ్రులు మరియొక ప్రశ్న వేయుదురు: “చిత్రము వ్రాసిన మార్కులు వచ్చునా? కూడు పెట్టునా?” వారి ఆందోళన న్యాయమైనదే. ఫీజులు కట్టి, పిల్లవానిపై ఆశలు పెట్టుకొన్న తండ్రి యిట్లడుగుట తప్పు కాదు. వారికి నా మనవి యిది. విల్సన్ చిత్రకారుడై వైద్యము మానలేదు, శాస్త్రము మానలేదు. చిత్రమే ఆయన శాస్త్రమునకు కన్ను. స్వదేశమున గ్రౌస్ అను అడవికోళ్లు జబ్బుపడి చచ్చుచుండగా, వందలకొలది పక్షులను కోసి పరీక్షించి కారణము తేల్చినదియు ఆ కన్నే. కణమును, పుష్పమును, హృదయమును వ్రాసి భాగములు గుర్తింపుమని మన పరీక్షాపత్రములే అడుగుచున్నవి. గైడుపుస్తకములోని బొమ్మను నకలు తీసినవాడు మరునాడు మరచును. మందారపువ్వును చీల్చి చూచి వ్రాసినవాడు ముసలితనమువరకు మరువడు.

విల్సన్ కడపటి పని మన తెలుగుదేశమునకును సంబంధించినది. 1912 జనవరిలో స్కాట్, విల్సన్ మొదలగు అయిదుగురు దక్షిణధ్రువమును చేరి, తిరుగుదారిలో ఆకలికిని చలికిని లోనై ఒక్కరొక్కరుగా మరణించిరి. ఆ దారిలోనే, ఫిబ్రవరి 8వ తేదీన, బియర్డ్‌మోర్ మంచునది ప్రక్కనున్న కొండచరియలో బొగ్గుపొరలను, రాతిపై అచ్చుపడిన ఆకులను విల్సన్ చూచి, పరీక్షించి వ్రాసికొనెను. బలము క్షీణించుచున్నను వారు సుమారు 16 కిలోల రాళ్లను విడువక లాగుకొని వచ్చిరి. ఆ యేడు నవంబరులో వారి డేరాయు, దేహములును, ఆ రాళ్లును దొరికెను. ఆ ఆకులు గ్లాసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షజాతివని పండితులు తేల్చిరి. మన గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు పుట్టినదియు ఆ జాతి చెట్లు పెరిగిన కాలముననే. వాని ఆకుల అచ్చులు ఆ లోయ రాళ్లలోను కలవు. ఒకప్పుడు మన నేలయు, ఆ మంచునేలయు ఒకే ఖండముగా నుండెననుటకు అవి సాక్ష్యములు. ఆ ఖండమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా అను పేరు మన ఇరుగుపొరుగుననున్న గోండుల దేశమునుండి వచ్చినదే. చావు దగ్గరపడిన వేళను రాతిలోని ఆకు ఈనెలను చూడగల కన్ను ఒక్కనాటిలో రాదు. చెల్టన్‌హామ్ పొలములలో పిట్టలను వ్రాసిన బాల్యమునుండి అది పెరిగినది.

విల్సన్ దైవభక్తి గలవాడు. సృష్టిని ఉన్నది ఉన్నట్లు వ్రాయుట ఆయనకు ప్రార్థనవంటిది. మన మతములు వేరైనను, ఎదుటనున్నదానిని అబద్ధమాడక చూపుట మేలన్న మాటలో మనలో భేదముండదు.

కావున ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును నా సూచనలు మూడు. మొదటిది: వారమునకు ఒక చిత్రలేఖనపు గంటను పరీక్షల నెపమున తీసివేయకుడు. రెండవది: ఆ గంటలో సగమైనను పిల్లలను ఆరుబయట కూర్చుండబెట్టుడు. పెన్సిలును, రూళ్లులేని నోటుపుస్తకమును చాలును. రంగులు కొనలేని పిల్లవాడు విల్సన్ వలె రంగులను మాటలలో వ్రాసికొనును. మూడవది: ఆ పుటలలో మేలైనవానిని చేతివ్రాత పత్రికగా కుట్టుడు. ఆ ధ్రువప్రదేశపు చీకటిలో గూడ వారు ‘సౌత్ పోలార్ టైమ్స్’ అను పత్రికను విల్సన్ చిత్రములతో తయారుచేసి చదువుకొనిరి. నాలుగు మాసములు సూర్యుడు లేనివారికి తీరిక దొరికినది. నిత్యము ఎండ కాయు మనకు దొరకదా?

విద్యార్థులారా, మనకు మంచుకొండలు లేవని చింతింపకుడు. చలికాలమున పులికాటు సరస్సున, నేలపట్టున, కొల్లేటిలో పక్షులు దిగును. అంత దూరము పోలేనివారికి ఊరిచెరువులో కొంగయే చాలును. మీ ఊరి కొండ ముక్కోణము కాదు. దాని ఒక భుజము వంగియుండును, ఒక ప్రక్క రాళ్లు తేలియుండును. దానివెనుక ఉదయించు సూర్యుడు చలికాలమున ఒకచోట, వేసవిలో వేరొకచోట పైకి వచ్చును. రేపు ఉదయము లేచి, ఏ చోట వచ్చునో చూచి, అచ్చటనే వ్రాయుడు. ఆ చిత్రము వంకరగా నుండినను అది మీది. మరియు అది నిజము.