రక్షణా, కాపలానా?

మగదిక్కు లేని ఇల్లు అంటాం. ఆ ఇంట్లో సంపాదించే తల్లి ఉండొచ్చు, చదువుకున్న ఇద్దరు కూతుళ్ళు ఉండొచ్చు, అయినా ఆ ఇంటికి దిక్కు లేదనే అంటాం. ఎవరినీ నొప్పించాలని అనం, జాలితోనే అంటాం. కాని భాష అంత అమాయకమైనది కాదు. మనం ఆలోచించకుండా వాడే మాటల్లోనే మన గురించి సమాజం చేసిన ఆలోచన దాగి ఉంటుంది. రక్షణ చుట్టూ అల్లుకున్న మాటలు ఇందుకు మంచి ఉదాహరణ.

భర్త అంటే భరించేవాడు, భార్య అంటే భరించబడేది. నాథుడు అంటే కాపాడేవాడు, ప్రభువు కూడా. ఆ నాథుడు లేనివాళ్ళు అనాథలు. కాపాడేవాడూ ఏలేవాడూ ఒక్కడేనన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది. స్త్రీని బాల్యంలో తండ్రి, యౌవనంలో భర్త, వార్ధక్యంలో కొడుకులు రక్షించాలని చెప్పిన మనుస్మృతి, ఆమె స్వాతంత్ర్యానికి తగదని కూడా అక్కడే చెబుతుంది. ఇవి రెండు వేరు వేరు సంగతులు కావు. మొదటిదానికి ఆమె చెల్లించే మూల్యమే రెండోది.

ఇవి పాత గ్రంథాల సంగతులు, ఇప్పుడెందుకు అనుకోవచ్చు. స్వతంత్ర భారతంలో 1956లో వచ్చిన హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ చూడండి. మైనరు పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాతే తల్లి. తండ్రి బతికుండగా కూడా తల్లి సంరక్షకురాలు కావచ్చునని అనిపించుకోవడానికి 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. అదే సెక్షన్ పెళ్ళయిన మైనరు బాలికకు సంరక్షకుడు ఆమె భర్త అంటుంది. బాల్యవివాహాన్ని ఒక చట్టం నిషేధిస్తుంటే, ఆ పెళ్ళి చేసుకున్నవాడినే మరో చట్టం ఆ పిల్లకు సంరక్షకుణ్ణి చేస్తోంది. ఈ సంరక్షణలో పిల్ల క్షేమం ఎంత, పిల్ల మీద అధికారం ఎంత?

పోలీసుకు మన భాషలో పెట్టుకున్న పేరు రక్షకభటుడు. 1972లో మహారాష్ట్రలో మధుర, 1978లో మన హైదరాబాదులో రమీజాబీ ఆ రక్షకభట నిలయాల్లోనే తమపై అత్యాచారం జరిగిందన్నారు. ఆ రెండు కేసుల చుట్టూ లేచిన ఉద్యమాల ఫలితంగానే 1983లో చట్టం మారి, అదుపులో ఉన్న స్త్రీపై అధికారంలో ఉన్నవాడు చేసే అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించారు. కంచే చేను మేస్తే అనే సామెత మనకు ఉండనే ఉంది. కాని ఆ సామెతలో మనం గమనించనిది ఇంకొకటుంది. అందులో స్త్రీ చేను. చేనుకు కంచె కావాలా వద్దా అని ఎవరూ అడగరు.

ఈ విమర్శ ప్రభుత్వానికే కాదు, మనకూ వర్తిస్తుంది. కొన్నేళ్ళ క్రితం ఒక జిల్లా కేంద్రంలో, మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒకామె భర్త కొడుతున్నాడని మా దగ్గరకు వచ్చింది. ఆమెకు రక్షణ కల్పించవలసిందిగా అర్జీ రాసింది నేనే. ఆమెనూ పిల్లలనూ ఒక హోంకి పంపారు. గేటుకు తాళం, బయటికి వెళ్ళాలంటే అనుమతి. వారం తర్వాత చూడడానికి వెళితే ఆమె అడిగింది: "కొట్టినవాడు ఇంట్లో ఉన్నాడు, నేను లోపలున్నాను. కూలి పోయింది, పిల్లల బడి పోయింది. ఇదేం రక్షణ మేడమ్?" నా దగ్గర జవాబు లేదు. రక్షణ అని నేను రాసిన మాటకు అధికారులు తమకు తెలిసిన అర్థం చెప్పుకున్నారు. ఆ అర్థం తాళం.

వ్యభిచార నిరోధక చట్టం కింద నడిచే రక్షణ గృహాలకు పంపిన స్త్రీలను ఏడాదికి తగ్గకుండా, మూడేళ్ళకు మించకుండా అక్కడ ఉంచవచ్చునని చట్టంలోనే ఉంది. అక్కడ ఇష్టం లేకుండా ఉన్న వయోజన స్త్రీల కేసులను సమీక్షించి విడుదల చేయాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పవలసి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టం (1948) రాత్రిపూట స్త్రీలను పనిలో పెట్టుకోకూడదంది. అదీ రక్షణ పేరుతోనే. స్త్రీలు బార్లలో పనిచేయకూడదన్న 1914 నాటి పంజాబు ఎక్సైజు చట్టపు సెక్షన్‌ను 2007లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. స్త్రీని పని నుంచి తప్పించడం కాదు, పనిచేసే చోట ఆమె భద్రతకు బాధ్యత వహించడమే రాజ్యం పని అన్నది ఆ తీర్పు సారాంశం.

భద్రత అన్న మాటను కూడా ఇక్కడ పరిశీలించాలి. ఉద్యోగ భద్రత, ఆహార భద్రత అంటాం. ఉద్యోగ భద్రత అంటే ఉద్యోగి వెనక ఎవరో కర్ర పట్టుకుని తిరగడం కాదు, కారణం లేకుండా తీసెయ్యడానికి వీల్లేని పరిస్థితి. అది అడిగి తీసుకునే హక్కు. అదే మాట ముందు "మహిళా" అని చేర్చగానే అర్థం మారిపోయి గస్తీగా, కెమెరాగా, "చీకటి పడకముందే ఇంటికి చేరండి" అనే హితబోధగా దిగజారుతోంది. రోడ్డు మీద దీపం, రాత్రి బస్సు, పనిచోట మరుగుదొడ్డి, తన పేర ఇంటి పట్టా: ఇవి మహిళా భద్రత కిందకు రావా?

అర్ధరాత్రి దెబ్బలు తింటున్న స్త్రీ ముందు ఈ మాటల విచారం దేనికని కార్యకర్తలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ రాత్రికి పోలీసు రావాల్సిందే, ఆశ్రయం దొరకాల్సిందే. అయితే 2005 నాటి గృహహింస చట్టం పేరులో రక్షణ ఉన్నా, అందులోని గొప్పతనం వేరే ఉంది. 17వ సెక్షన్ ఆమెకు ఆ ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. 18వ సెక్షన్ కింద అతన్ని ఆమె పనిచేసే చోటికి రావద్దని ఆదేశించవచ్చు. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు అతన్నే ఇల్లు విడిచి పొమ్మనవచ్చు. అంటే కట్టడి కొట్టేవాడి కాళ్ళకు, తినేవారి కాళ్ళకు కాదు. మనం ఆ రోజు ఆ మిర్చి కూలీ కోసం అడగవలసింది ఇది.

కనుక ఇక మీదట అర్జీలో "రక్షణ" అని రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరి నుంచి? ఎవరి కదలికలకు కట్టడి? వద్దనే స్వేచ్ఛ ఆమెకు ఉందా? వద్దనడానికి వీల్లేని రక్షణ కాపలాయే. "రక్షణ కల్పించండి" అనే బదులు ఏం కావాలో విడివిడిగా రాద్దాం: ఇల్లు, కూలి, పిల్లల బడి, అతను దూరంగా ఉండాలన్న ఉత్తర్వు. ఆమె అడిగిన మాటల్లోనే రాద్దాం.