విద్యుత్ కారుకు ముహూర్తం

కొనేవాడికి ఏ వస్తువు ధరైనా ఎక్కువగానే కనిపిస్తుంది. ఆ ధర తగ్గుతూ వస్తున్నదని తెలిస్తే బాధ మరీ ఎక్కువ. ఇవాళ కొంటే రేపు తగ్గుతుందేమోనని దిగులు. రేపటి దాకా ఆగితే ఇవాళ్టి రాయితీ పోతుందేమోనని గుబులు. బంగారం విషయంలో మన పెద్దలకు ఈ చిక్కు లేదు. అది పెరిగేదే తప్ప తరిగేది కాదని వారి నమ్మకం, కనుక చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు కొనేశారు. టీవీలూ కంప్యూటర్లూ వచ్చిన తరువాతే "కాస్త ఆగి చూద్దాం" అన్న మాట మధ్యతరగతి ఇళ్ళలో స్థిరపడింది. ఇప్పుడా మాట విద్యుత్ కారు మీదికెక్కి కూర్చుంది.

మా స్టాఫ్ రూములో ఈ విషయమై రెండు పక్షాలున్నాయి. "ఇప్పుడే కొనాలి, పన్ను మినహాయింపు పోతుంది" అనేది ఒక పక్షం. "ఏడాది ఆగితే లక్ష తగ్గుతుంది" అనేది రెండోది. రోజూ టీ వేళకు యుద్ధం మొదలవుతుంది, గంట కొట్టగానే సంధి కుదురుతుంది. అర్థశాస్త్రం చెప్పేవాడిని గనుక తీర్పు నన్ను చెప్పమంటారు. నా ఉద్దేశంలో ఉభయ పక్షాలూ చూడవలసిన చోట చూడడం లేదు. అందరూ షోరూము కేసి చూస్తున్నారు. లెక్క ఉన్నది ఎవరింట్లో వారికే.

కారు కొనే స్తోమత మాకెక్కడిది, ఈ గొడవ మాకెందుకు అని విద్యార్థి మిత్రులు పేజీ తిప్పేయకండి. రేపు మీ నాన్నగారు రిటైరై చేతికొచ్చిన సొమ్ములో కొంత కారుకు పెడదామనుకుంటే, "ఒరేయ్, నువ్వు ఫోనులో చూసి చెప్పు" అని అడిగేది మిమ్మల్నే. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం తెచ్చిన డబ్బు మీ నోటి మాట మీద కదులుతుంది. ఆ మాట అనే ముందు లెక్క వేయడం తెలిసి ఉండాలి.

ముందుగా "ఆగుదాం" అనేవారి మాట చూద్దాం. వారి వాదంలో బలం లేకపోలేదు. విద్యుత్ కారు ఖరీదులో పెద్ద వాటా బ్యాటరీది. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ వారు ఏటా వేసే లెక్క ప్రకారం బ్యాటరీ ప్యాకు సగటు ధర కిలోవాట్ అవర్‌కు 2023లో 139 డాలర్లుండగా 2024లో 115కు దిగింది. ఒక్క ఏడాదిలో అది పెద్ద పతనమే. అయితే అదే లెక్కల్లో 2022లో ధర తగ్గకపోగా పెరిగింది, లిథియం వంటి ముడిసరుకులు మండిపోవడంతో. ఏటవాలుగా దిగే దారిలోనూ ఎత్తులుంటాయి.

మన బజారులో జరిగింది చూడండి. టాటా వారి టియాగో విద్యుత్ కారు 2022 సెప్టెంబరులో 8.49 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. 2023 ఫిబ్రవరికి అది 8.69 లక్షలైంది. అంటే ఆగినవాడికి ఇరవై వేలు నష్టం. మళ్ళీ ఏడాది తిరిగేసరికి, 2024 ఫిబ్రవరిలో, బ్యాటరీ చౌక అయిందంటూ కంపెనీ దాన్ని 7.99 లక్షలకు దించింది. అంటే ఇంకా ఆగినవాడికి డెబ్బై వేలు లాభం. అదే కంపెనీ నెక్సాన్ విద్యుత్ కారు 2024 ఫిబ్రవరిలో 14.49 లక్షల నుంచి మొదలయ్యేది, ఆ సెప్టెంబరు పండగ అమ్మకాల్లో 12.49 లక్షలకు దిగింది. ఇవన్నీ షోరూము ధరలు. ఈ హెచ్చుతగ్గుల్ని ముందుగా ఊహించి చెప్పగలిగినవాడు కారు కొననక్కరలేదు, షేర్ల వ్యాపారం చేసుకోవచ్చు.

రెండో పక్షం వారు గడువుల గురించి గట్టిగా చెబుతారు. ఇక్కడొక తేడా గమనించాలి. గడువుల్లో రెండు జాతులున్నాయి: దుకాణం గడువు, ప్రభుత్వం గడువు. పైన చెప్పిన పండగ ధర 2024 అక్టోబరు 31 వరకే అని ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది కూడా నెక్సాన్ ప్రారంభ ధర 12.49 లక్షలే. దుకాణం గడువు రబ్బరు లాంటిది, సరుకు మిగిలినన్నాళ్ళూ సాగుతుంది. "సార్, ఈ ఆదివారమే ఆఖరు" అని ఫోను చేసే కుర్రవాడి మీద కోపం అక్కరలేదు, అది అతని ఉద్యోగం. ఆ మాట నమ్మి అప్పు చేయనూ అక్కరలేదు.

ప్రభుత్వం గడువు అలా కాదు. ఆదాయపు పన్ను చట్టంలో 80 ఈఈబీ అని ఒక సెక్షను ఉండేది. విద్యుత్ వాహనం కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీకి ఏటా లక్షన్నర దాకా మినహాయింపు. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపల మంజూరైన అప్పులకే అన్నారు, అంతటితో తలుపు మూశారు. అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులకు మరో ఉదాహరణ బాగా తెలుసు. కొత్త విద్యుత్ కారుకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇస్తూ వచ్చిన 7,500 డాలర్ల దాకా పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. మన తెలంగాణలో రోడ్డు పన్నూ రిజిస్ట్రేషను ఫీజూ పూర్తిగా మినహాయిస్తూ 2024 నవంబరులో ఉత్తర్వులు వచ్చాయి. అందులో రాసిన గడువు 2026 డిసెంబరు 31. పది లక్షలు దాటిన కారుకు ఈ పన్ను లక్షన్నర, రెండు లక్షల మాట. ఏ షోరూమూ ఇంత డిస్కౌంటు తేలిగ్గా ఇవ్వదు. కనుక కరపత్రంలోని తేదీకి కాదు, ఉత్తర్వులోని తేదీకి విలువ ఇవ్వండి.

పోటీ వస్తువు ధరనూ మరిచిపోకూడదు. విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 28 శాతం, సెస్సు పోయి 18 శాతమైంది. విద్యుత్ కారు ధర పైసా మారకపోయినా, దాని పక్కన నిలబడ్డ పెట్రోలు కారు చౌక అయింది. "ఎంతకు వస్తుంది" అనే ప్రశ్న ఎప్పుడూ "దేనితో పోలిస్తే" అనే ప్రశ్నతో కలిపి అడగాలి.

ఇప్పుడు ఇంటి లెక్కకు వద్దాం. లీటరు పెట్రోలు 105 రూపాయలనుకోండి, కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. కిలోమీటరుకు 7 రూపాయలు. విద్యుత్ కారు యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. కారు ఛార్జింగుతో ఇంటి బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుంది గనుక యూనిట్ 9 రూపాయలకు కడదాం. కిలోమీటరుకు రూపాయిన్నర. మిగిలేది అయిదున్నర. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవాడికి ఏడాదికి 66,000 రూపాయలు. నెలకు 300 తిరిగేవాడికి ఇరవై వేల లోపే.

ఈ అంకెలు చూసి "అయితే ఇప్పుడే కొందాం" అని లేచిపోకండి. ఇంట్లో ఉన్న పెట్రోలు కారు ఇంకా బాగా నడుస్తూ ఉంటే లెక్క వేరు. కొత్త కారుకు 13 లక్షలు తీస్తే, ఆ సొమ్ము 7 శాతం వడ్డీకి ఉండి తెచ్చే 91,000 పోతుంది. ఆదా 66,000, నష్టం 91,000. ఇటువంటివారు ధర తగ్గినా తగ్గకపోయినా ఆగడమే లాభం. నెలకు సుమారు 1,400 కిలోమీటర్లు దాటితే గాని ఆదా వడ్డీకి సరిపోదు. అప్పు చేసి కొనేవారికి వడ్డీ ఇంకా ఎక్కువ, కనుక ఆ గీత ఇంకా పైకి జరుగుతుంది. కొత్త కారు విలువ మొదటి ఏడాదిలోనే గబగబా దిగిపోవడం దీనికి అదనం.

అదే, పాత బండి మూలనపడి ఏదో ఒక కారు కొనక తప్పని ఇల్లయితే వాదం తలకిందులవుతుంది. అక్కడ 13 లక్షలకూ వడ్డీ చూడనక్కరలేదు, పెట్రోలు కారుకూ విద్యుత్ కారుకూ మధ్యనున్న తేడా చూస్తే చాలు. తేడా రెండు లక్షలైతే నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవాడికి మూడేళ్ళలో తీరిపోతుంది, మూడు లక్షలైతే నాలుగున్నర ఏళ్ళు. వడ్డీ కలిపితే మరి కొంత కాలం. ఆ ఇంటివారు "వచ్చే ఏడాది తగ్గుతుందట" అని ఆటోలకూ క్యాబులకూ డబ్బు పోస్తూ కూర్చుంటే, తగ్గబోయే లక్షలో సగం ఆగడానికే ఖర్చవుతుంది. ఆగడానికి అద్దె ఉంది. ఆ అద్దెకు రసీదు ఎవరూ ఇవ్వరు గనుక అది మన కంటికి కనిపించదు.

ఇంకొక మాట. ఈ లెక్కంతా ఇంటి దగ్గర ప్లగ్గు ఉన్నవారికి. బయట ఫాస్ట్ ఛార్జింగు స్టేషన్లలో యూనిట్‌కు 20 రూపాయలు పడితే కిలోమీటరు ఖర్చు మూడు రూపాయలు దాటుతుంది, ఆదా మూడో వంతు తరిగిపోతుంది. అపార్టుమెంటులో ఉన్నవారు ముందు షోరూముకు కాదు, తమ అసోసియేషను కార్యదర్శి దగ్గరికి వెళ్ళాలి. పార్కింగులో మీటరు పెట్టుకోవడానికి ఒప్పుకుంటారో లేదో తెలుసుకోవాలి. ఆయన "సరే" అన్న రోజే మీకు సగం ముహూర్తం.

కొందరు మిత్రులు అంటారు: "వచ్చే ఏడాది ఇంకా మంచి బ్యాటరీ వస్తుంది, ఇప్పుడు కొన్నది పాతదైపోతుంది గదా?" నిజమే, వస్తుంది. ఆ మరుసటి ఏడాది ఇంకా మంచిది వస్తుంది. ఈ వాదానికి అంతం లేదు. మూడేళ్ళకోసారి కారు మార్చే అలవాటున్నవారు దీనికి భయపడాలి, మారుబేరంలో దెబ్బ వారికే. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ళు, 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. అన్నాళ్ళూ తామే వాడుకునేవారికి పక్కింటివాడి కొత్త బ్యాటరీతో పని లేదు.

ఇక బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి. 2024 సెప్టెంబరులో ఎంజీ వారు విండ్సర్ కారును 9.99 లక్షలకు ఇచ్చి, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల చొప్పున అద్దె పెట్టారు. ముందు ధర తక్కువగా కనిపిస్తుంది. పైన వేసిన లెక్కలో అయిదున్నర ఆదాలోంచి మూడున్నర తీసేసి చూసుకోండి, మిగిలేది రెండు. ఎక్కువ తిరిగేవాడు ఈ అద్దె దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

కొనడమని తేలిన తరువాతే నెల గురించి ఆలోచించాలి. ఇందులో మన పంచాంగం చేసే ఉపకారం ఒకటుంది. ఆషాఢంలో కొత్త బండి ఎక్కడానికి మనవాళ్ళు జంకుతారు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వస్తే మళ్ళీ సంక్రాంతి దాకా అదే వరస. షోరూములో ఈగలు తోలుకునే రోజులవి. డిసెంబరులో పాత సంవత్సరం సరుకు వదిలించుకునే తొందర కూడా తోడవుతుంది. బేరం శూన్యమాసంలో చేసుకుని డెలివరీ మంచి రోజున తీసుకుంటే శాస్త్రానికీ జేబుకీ విరోధం లేదు. అయితే రోడ్డు పన్ను గడువు ఉన్న ఏడాదిలో రిజిస్ట్రేషను ఆ తేదీ దాటిపోకుండా చూసుకోవాలి. వర్జ్యం చూసి రెండు లక్షలు పోగొట్టుకోమని ఏ సిద్ధాంతిగారూ చెప్పరు.

డిసెంబరు కారులో ఒక మెలిక. తయారైన నెలా సంవత్సరమూ అడిగి రాయించుకోండి. పదేళ్ళు వాడేవారికి అది పట్టింపు కాదు, నాలుగేళ్ళకు అమ్మేవారికి మాత్రం ఇప్పుడొచ్చిన డిస్కౌంటు అప్పుడు తిరిగి చెల్లించినట్టే. నెలల తరబడి యార్డులో పడి ఉన్న బండి అయితే బ్యాటరీ పరీక్ష చేయించమనండి.

బేరమాడేటప్పుడు షోరూము ధర మీద కాదు, రోడ్డు మీదికి వచ్చే ధర మీద ఆడండి. మా సహోద్యోగి ఒకరికి ఒక డీలరు యాభై వేలు తగ్గించినట్టే తగ్గించి, ఇన్సూరెన్సు తన దగ్గరే తీసుకోవాలనీ, ఏవో పూతలూ తివాచీలూ తప్పనిసరనీ చెప్పి అందులో చాలా భాగం రాబట్టుకున్నాడు. ఇన్సూరెన్సు బయట తీసుకునే హక్కు కొనేవారికి ఉంది. ఇద్దరు డీలర్ల దగ్గర పూర్తి లెక్క కాగితం మీద రాయించి, పక్కపక్కన పెట్టి చూస్తే దాగుడుమూతలు బయటపడతాయి.

చెప్పొచ్చేదేమంటే, అందరికీ వర్తించే చౌక రోజు అంటూ ఒకటి లేదు. ఒకే వీధిలో ఒకే రోజున ఒకరు కొనడం వివేకమూ, ఎదురింటివారు ఆగడం వివేకమూ కావచ్చు. విద్యార్థి మిత్రులారా, మీ నాన్నగారు అడిగినప్పుడు ఫోను తీయకండి. "మన పాత బండి ఇంకెన్నాళ్ళు నడుస్తుంది? నెలకెన్ని కిలోమీటర్లు తిరుగుతున్నాం? రాత్రి ఛార్జి పెట్టుకునే చోటుందా?" అని ఎదురు ప్రశ్నలు వేయండి. ఆయన జవాబులు ఒక కాగితం మీద రాసి కూడండి, తీసేయండి. ఆ చిత్తు కాగితం కొనమంటే కొనమనండి, ఆగమంటే ఆ సొమ్ము బ్యాంకులోనే పడి ఉండనివ్వండి. రెండింటిలో ఏది చేసినా, ఆ తరువాత ధరల వార్తలు చదవడం మానేయమని కూడా చెప్పండి.