భూటాన్ నుంచి వచ్చిన పాత కార్లు: సరిహద్దు దాటడం కన్నా నంబరు పొందడమే కీలకం

2025 సెప్టెంబర్ 23న కేరళలో కస్టమ్స్ అధికారులు దాదాపు 30 చోట్ల ఏకకాలంలో సోదాలు జరిపారు. 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' అని ఈ చర్యకు పేరు పెట్టారు. భూటాన్ అధికార భాష జోంఖాలో ఆ మాటకు వాహనం అని అర్థం. మొదటి రోజే 36 వాహనాలను స్వాధీనం చేసుకున్నారు. భూటాన్‌లో చవకగా కొన్న వాడిన ఖరీదైన వాహనాలను సుంకం చెల్లించకుండా మన దేశంలోకి తెచ్చి, నకిలీ పత్రాలతో రిజిస్టర్ చేయించి, కేరళలో విక్రయించారన్నది కస్టమ్స్ శాఖ అభియోగం. సోదాలు జరిగిన ఇళ్ళలో ప్రముఖుల ఇళ్ళు కూడా ఉండటంతో వార్తల్లో వారి పేర్లే ప్రధానంగా వినిపించాయి. అభియోగాల నిజానిజాలను దర్యాప్తు, న్యాయస్థానాలు తేలుస్తాయి. అయితే ఈ ఉదంతంలో పేర్ల కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. చట్టం ఇంత కట్టుదిట్టంగా ఉన్నప్పుడు పరదేశపు పాత కారుకు మన దేశపు నంబరు ప్లేటు ఎలా వచ్చింది?

చట్టం ఏం చెబుతోంది?

వాడిన వాహనాన్ని భారతదేశానికి దిగుమతి చేసుకోవడం సంపూర్ణంగా నిషిద్ధం కాదు. కానీ విదేశీ వాణిజ్య విధానం విధించిన షరతులు సామాన్యమైనవి కావు. తయారై మూడేళ్ళు దాటిన వాహనాన్ని తీసుకురాకూడదు. కార్లకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి. వేగాన్ని చూపే మీటరు కిలోమీటర్లలో ఉండాలి. రోడ్డుకు ఎడమవైపు నడిచే మన రాకపోకలకు తగినట్లు హెడ్‌లైట్ల కాంతి పడాలి. దిగుమతి అయిన నాటి నుంచి కనీసం ఐదేళ్ళు రోడ్డు మీద తిరగగల స్థితిలో ఉండాలి; ఆ ఐదేళ్ళూ మరమ్మతు సదుపాయం కల్పిస్తామన్న హామీ ఉండాలి. ఓడకు ఎక్కించే ముందు ఒక ధ్రువపత్రం, దిగిన తరువాత గుర్తింపు పొందిన సంస్థ పరీక్ష తప్పనిసరి. ఇటువంటి వాహనాలకు ముంబయి రేవును ప్రవేశ ద్వారంగా విధానం నిర్దేశించింది. అంటే, బెంగాల్ లేదా అస్సాం సరిహద్దు గేటు గుండా నడుపుకుంటూ వచ్చిన పాత కారు ఈ నిబంధనల చట్రంలో ఇమడదు.

భూటాన్‌తో మనకు 699 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. జయ్‌గావ్, ఫుంట్‌షోలింగ్ పట్టణాలు ఆనుకునే ఉంటాయి. రెండు దేశాల మధ్య 1972 నుంచి అమలులో ఉండి, 2016లో నవీకరించిన వాణిజ్య ఒప్పందం స్వేచ్ఛా వాణిజ్యానికి వీలు కల్పిస్తోంది. పర్యాటకులు, వ్యాపారులు భూటాన్ నంబరు ఉన్న వాహనాల్లో మన పట్టణాలకు వచ్చి వెళ్ళడం రోజూ కనిపించేదే. అందులో తప్పు లేదు. వచ్చిన వాహనం తిరిగి వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయి, ప్లేటు మార్చుకున్నప్పుడే అది అక్రమ దిగుమతి అవుతుంది. జపాన్‌లోనో బ్రిటన్‌లోనో తయారైన కారు భూటాన్ మీదుగా వచ్చినంత మాత్రాన భూటాన్ సరుకు అయిపోదు.

ఎందుకింత సాహసం?

జవాబు సుంకాల లెక్కలో ఉంది. 2025 బడ్జెట్‌కు ముందు వాడిన కార్లపై మూల కస్టమ్స్ సుంకమే 125 శాతం. దానిపై సాంఘిక సంక్షేమ సర్‌చార్జి కలిపితే 137.5 శాతం. ఆ బడ్జెట్‌లో మూల సుంకాన్ని తగ్గించి, ఆ మేరకు వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సును చేర్చారు. కొనుగోలుదారు మీద పడే మొత్తం భారం మారలేదు. దీనికి పెద్ద కార్లపై 40 శాతం జీఎస్టీని కలిపి చూద్దాం. రేవులో 10 లక్షల రూపాయలుగా విలువ కట్టిన కారుపై సుంకం 13 లక్షల 75 వేలు. ఆ రెండూ కలిపిన 23 లక్షల 75 వేలపై జీఎస్టీ 9 లక్షల 50 వేలు. అంటే రేవు దాటేసరికే ఆ కారు ధర 33 లక్షల 25 వేలు అవుతుంది. రాష్ట్రంలో చెల్లించవలసిన జీవితకాల పన్ను దీనికి అదనం.

పది లక్షల వస్తువు మీద ఇరవై మూడు లక్షలకు పైగా పన్ను ఉన్నప్పుడు, ఆ మొత్తాన్ని మిగుల్చుకోవాలనే దురాశ కొందరికి కలగడంలో ఆశ్చర్యం లేదు. దేశీయ వాహన పరిశ్రమను, దానిపై ఆధారపడిన ఉపాధిని కాపాడటానికి, ఇతర దేశాలు వదిలించుకోదలచిన పాత వాహనాలు మన రోడ్ల మీదికి రాకుండా అడ్డుకోవడానికి ఈ సుంకాలు పెట్టారు. ఆ ఉద్దేశం సమంజసమే. అయితే గోడ ఎంత ఎత్తుగా కడితే, దానికి కన్నం వేయడంలో లాభం అంత పెరుగుతుందన్న సంగతిని కూడా పాలకులు లెక్కలోకి తీసుకోవాలి.

కన్నం ఎక్కడ పడింది?

1988 మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం వాహనాన్ని సాధారణంగా ఉంచే యజమాని నివాసం లేదా వ్యాపార స్థలం ఉన్న రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ జరగాలి. అందుకు ఏ పత్రాలు జతచేయాలో 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 47వ నిబంధన వివరించింది. విదేశం నుంచి వచ్చిన వాహనమైతే కస్టమ్స్ క్లియరెన్స్ ధ్రువపత్రం ఉండి తీరాలి. అదే నిబంధనలో మరో వెసులుబాటు ఉంది. సైన్యం వాడి విక్రయించిన వాహనమైతే, సంబంధిత అధికారులు ఇచ్చిన అసలు విక్రయ ధ్రువపత్రం జతచేయాలి.

కేరళ కేసులో కస్టమ్స్ శాఖ చెప్పిన విషయాన్ని ఈ రెండు మాటల పక్కన పెట్టి చూస్తే కిటుకు బోధపడుతుంది. భారత సైన్యం, రాయబార కార్యాలయాలు, విదేశాంగ శాఖ పేర్లతో నకిలీ పత్రాలు సృష్టించి, హిమాచల్ ప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో వాహనాలను రిజిస్టర్ చేయించారని, పరివాహన్ సమాచారంలోనూ మార్పులు జరిగాయని ఆ శాఖ ఆరోపించింది. సైన్యం వేలంలో కొన్న బండి అని కాగితం చూపితే, అది విదేశం నుంచి వచ్చిందా అన్న ప్రశ్నే కౌంటర్ దగ్గర తలెత్తదు. కస్టమ్స్ పత్రం అడిగే అవసరమే రాదు. సరిహద్దు గేటు దగ్గర జరిగిన మోసం ఒక భాగమైతే, దానికి చట్టబద్ధమైన రూపం ఇచ్చింది ఈ కౌంటరే.

ఆ తరువాతి ప్రయాణం మరింత సులువు. 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. వాహనాన్ని మరో రాష్ట్రానికి మార్చుకునేటప్పుడు పాత రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తెస్తే చాలు. రెండో రాష్ట్రపు అధికారి మొదటి రాష్ట్రపు ఆర్‌సీని నమ్ముతాడు. మూడో రాష్ట్రపు అధికారి రెండోదాన్ని నమ్ముతాడు. మొదటి కాగితం ఎలా పుట్టిందో మళ్ళీ ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. అందువల్ల దేశంలో ఎక్కడో ఒక రవాణా కార్యాలయం బలహీనంగా ఉంటే, ఆ బలహీనత దేశమంతటికీ సంక్రమిస్తుంది. కేంద్రం రూపొందించిన 'వాహన్' సమాచార నిధి ఉద్దేశం ఈ లోపాన్ని సరిచేయడమే. అయితే రాష్ట్రాలన్నీ అందులో ఒకేసారి చేరలేదు. తెలంగాణ చాలా సంవత్సరాల పాటు దాని వెలుపలే ఉండి, సొంత వ్యవస్థతో పనిచేసింది.

హైదరాబాద్ నేర్పిన పాఠం

మోసమంతా భూమార్గంలోనే జరుగుతుందని అనుకోనక్కరలేదు. 2025 మే నెలలో హైదరాబాద్‌కు చెందిన ఒక కార్ల వ్యాపారిని రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ అరెస్టు చేసింది. అమెరికా, జపాన్‌ల నుంచి తెప్పించిన ఖరీదైన కార్లను దుబాయ్, శ్రీలంకల మీదుగా మళ్ళించి, అక్కడ ఎడమ స్టీరింగును కుడివైపునకు మార్పించి, తక్కువ విలువ చూపే నకిలీ పత్రాలతో భారత్‌కు తెచ్చారన్నది ఆ సంస్థ ఆరోపణ. 30కి పైగా కార్లలో 25 కోట్ల రూపాయల మేర సుంకం ఎగవేశారని అది అంచనా వేసింది. భూటాన్ కేసులో సుంకమే లేదు. ఈ కేసులో సుంకం కట్టారు, కానీ విలువ తగ్గించి కట్టారు. మార్గాలు వేరైనా రెంటికీ ఆధారం కాగితమే.

అమెరికా, గల్ఫ్ దేశాల నుంచి తిరిగివచ్చే తెలుగువారు ఈ సందర్భంగా ఒక విషయం గమనించాలి. ఆ దేశాల్లో వాహనాలు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అక్కడ ఎంతో ఇష్టపడి కొనుక్కున్న కారును ఇక్కడికి తెచ్చుకుందామన్న ఆలోచనకు మొదటి అడ్డంకి అదే. "అక్కడే మార్పించి, పత్రాలన్నీ మేమే చూసుకుంటాం" అని ఎవరైనా ముందుకు వస్తే, అది సేవ కాదు, చిక్కులకు ఆహ్వానం అని గ్రహించాలి.

పొరుగు దేశాల అనుభవం

పాత కార్ల సమస్య మన ఒక్కరిది కాదు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 2015, 2018 సంవత్సరాల మధ్య ఐరోపా సమాజం, జపాన్, అమెరికా కలిసి కోటి 40 లక్షల వాడిన వాహనాలను ఎగుమతి చేశాయి. వాటిలో దాదాపు 80 శాతం అల్ప, మధ్యాదాయ దేశాలకే చేరాయి. సొంత కార్ల పరిశ్రమ పెద్దగా లేని దేశాలకు ఇవే ఆధారం. బంగ్లాదేశ్ ఐదేళ్ళకు మించని జపాన్ కార్లను చట్టబద్ధంగా అనుమతిస్తోంది. మోంగ్లా, చట్టోగ్రామ్ రేవుల్లో అవి దిగుతాయి. విదేశీ మారక ద్రవ్యం అడుగంటడంతో శ్రీలంక 2020 మార్చిలో వాహనాల దిగుమతిని నిలిపివేసింది. వ్యక్తిగత వాహనాలకు మళ్ళీ 2025 ఫిబ్రవరిలో గాని తలుపులు తెరవలేకపోయింది.

పాకిస్తాన్ అనుభవం మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడ చాలాకాలం విదేశాల్లోని పాకిస్తానీయులకు ఉద్దేశించిన వ్యక్తిగత సామాను, బహుమతి, నివాస మార్పిడి పథకాల ద్వారానే పాత కార్లు వచ్చేవి. ఆచరణలో వ్యాపారులు వాటినే దారిగా చేసుకున్నారన్న విమర్శ ఉంది. మరోవైపు పన్నుల మినహాయింపు ఉన్న మలాకండ్ ప్రాంతంలో సుంకం చెల్లించని వాహనాలు బహిరంగంగానే తిరిగాయి. అక్రమంగా వచ్చిన వాహనాలను రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే పథకాన్ని 2013లో అక్కడి ప్రభుత్వం తెచ్చింది. ఇటువంటి క్షమాభిక్ష నిజాయతీగా సుంకం కట్టినవారిని వెర్రివారిని చేస్తుంది. చివరకు 2025 సెప్టెంబర్‌లో ఐదేళ్ళ లోపు వాడిన వాహనాల వాణిజ్య దిగుమతిని 40 శాతం అదనపు సుంకంతో అనుమతించి, ఆ సుంకాన్ని ఏటా తగ్గిస్తూ పోవాలని పాకిస్తాన్ నిర్ణయించింది. భారత్‌కు అదే దారి తగినదని చెప్పలేం. మన పరిశ్రమ స్థాయి వేరు. కానీ ఏ విధానమైనా దాన్ని అమలుచేసే కౌంటర్ ఎంత బలంగా ఉందో అంతే బలంగా ఉంటుందని పొరుగువారి అనుభవం చెబుతోంది.

చివరి కొనుగోలుదారు సంగతేమిటి?

ఈ వ్యవహారంలో అందరికన్నా ఎక్కువగా నష్టపోయేది చివరగా కొన్నవాడు. 1962 కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద అక్రమంగా వచ్చిన వస్తువును, అది ఎవరి చేతిలో ఉన్నా, జప్తు చేయవచ్చు. తెలియక కొన్నానన్న వాదన వ్యక్తిని శిక్ష నుంచి కాపాడవచ్చునేమో గాని, వాహనాన్ని కాపాడదు. దర్యాప్తు సాగుతుండగా తాత్కాలికంగా వాహనాన్ని విడిపించుకోవడానికి 110ఎ సెక్షన్, జప్తుకు బదులుగా జరిమానా చెల్లించే అవకాశానికి 125వ సెక్షన్ ఉన్నాయి. నిషిద్ధ వస్తువుల విషయంలో ఆ జరిమానా అవకాశం ఇవ్వాలా వద్దా అన్నది అధికారి విచక్షణకే వదిలారు. తప్పుడు పత్రాలతో పొందిన రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్‌లో ఉంది. అంటే డబ్బు పోతుంది, బండి పోతుంది, నంబరూ పోతుంది.

అందువల్ల విదేశీ తయారీ వాడిన కారు కొనేవారు ఆర్‌సీ ఒక్కటే చూసి సంతృప్తి పడకూడదు. రేవులో దాఖలైన బిల్ ఆఫ్ ఎంట్రీ ప్రతిని అడగాలి. అందులోని చాసిస్ నంబరును బండిపై చెక్కిన నంబరుతో స్వయంగా సరిచూసుకోవాలి. కస్టమ్స్ శాఖ ఐస్‌గేట్ పోర్టల్‌లో ఆ బిల్లు వివరాలను పరిశీలించాలి. తయారైన సంవత్సరానికి, దేశంలో మొదట రిజిస్టర్ అయిన సంవత్సరానికి మధ్య పెద్ద అంతరం ఉంటే కారణం తెలుసుకోవాలి. సైన్యం వేలంలో కొన్నదని చెబితే, ఆ పత్రం జారీ చేసిన కార్యాలయానికే లేఖ రాసి ధ్రువీకరించుకోవాలి. దూరపు రాష్ట్రంలో రిజిస్టర్ అయి, తక్కువ కాలంలో పలువురి చేతులు మారిన వాహనం విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం.

అయితే భారమంతా పౌరుని మీదనే మోపడం న్యాయం కాదు. ప్రభుత్వ ముద్ర ఉన్న ఆర్‌సీని నమ్మడం పౌరుని తప్పు అనలేం. సుంకం చెల్లించిన ప్రతి వాహనం చాసిస్ నంబరు కస్టమ్స్ శాఖ వద్ద ఉంటుంది. రిజిస్టర్ అయ్యే ప్రతి వాహనం చాసిస్ నంబరు రవాణా శాఖ వద్ద ఉంటుంది. విదేశీ తయారీ వాహనానికి మొదటిసారి నంబరు ఇచ్చే ముందు ఈ రెండూ తమంతట తాము సరిపోలేలా చూడాలి. సైనిక వేలం పత్రాలను జారీ చేసిన విభాగం నుంచి నేరుగా నిర్ధారణ వచ్చాకే ఆమోదించాలి. నమోదైన సమాచారాన్ని తరువాత ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చెరిగిపోని జాడ ఉండాలి. కేరళలో స్వాధీనమైన కార్ల యజమానులపై చర్యలు ఎంత వేగంగా సాగుతాయో, వాటికి మొదటి నంబరు కేటాయించిన కార్యాలయాలపై విచారణ కూడా అంతే వేగంగా సాగాలి. బండ్లను పట్టుకుని, వాటికి నంబరు ఇచ్చిన చోటును వదిలేస్తే, అదే కౌంటర్ నుంచి రేపు మరో వరుస బయలుదేరుతుంది.