అత్త సొమ్ము, అల్లుడి దానం, ఆకుపచ్చ బటను

ముందే చెప్పేస్తున్నా. ఇది మాజీ సైనికులకి సాయం చెయ్యొద్దని రాస్తున్న టపా కాదు. మా నాన్నే మాజీ సైనికుడు. కాబట్టి "వాళ్ళ కష్టం నీకేం తెలుసురా, ఏసీలో కూర్చుని కోడు కొట్టేవాడివి" అని వ్యాఖ్య రాయబోయేవాళ్ళు కాస్త ఓపిక పట్టి, చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి.

జరిగిందేంటంటే, అమ్మానాన్నలు అమెరికా వచ్చి అప్పటికి రెండు నెలలైంది. నవంబరులో, వెటరన్స్ డేకి ముందు శనివారం, నాన్నని తీసుకుని దగ్గర్లో ఉన్న ఒక పెద్ద స్టోరుకి వెళ్ళా. పాలు, పెరుగు, రెండు కట్టలు కొత్తిమీర, కారుకి వైపరు బ్లేడ్లు. బిల్లు 43.18 డాలర్లు. కార్డు పెట్టగానే తెర మీద ఓ ప్రశ్న ప్రత్యక్షం. పాత కార్లు బాగుచేసి మాజీ సైనికులకి ఉచితంగా ఇచ్చే ఒక సేవాసంస్థ కోసం మీ బిల్లుని 44 డాలర్లకి సరిచెయ్యమంటారా అని. దాని కింద అరచేతి వెడల్పున ఆకుపచ్చ బటను: "అవును, సాయం చేస్తా". ఇంకా కింద, కళ్ళజోడు పెట్టుకుంటే గానీ కనపడని బూడిదరంగు అక్షరాల్లో: "ఈసారికి వద్దు".

వెనకాల అయిదుగురు నుంచున్నారు. కౌంటర్లో ఉన్న పెద్దాయన నోటితో కూడా అడిగాడు. నొక్కేశా. 82 సెంట్లు.

కారెక్కాక నాన్న, "ఇందాక ఏదో నొక్కావు, ఏంట్రా అది?" అన్నారు. చెప్పాను. ఆయన సికింద్రాబాదు ఈఎంఈ సెంటర్లో ట్రైనింగై, ఇరవై నాలుగేళ్ళు ఆర్మీలో వెహికిల్ మెకానిక్‌గా చేసి హవల్దారుగా రిటైరైన మనిషి. శక్తిమాన్ లారీ చప్పుడు విని ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పగలరు. బండ్లు బాగుచెయ్యడం, సైనికులు, రెండూ ఆయన సబ్జెక్టులే. మెచ్చుకుంటారనుకున్నా.

"మంచి పనేరా. మరి కొట్టువాడు ఎంతిచ్చాడు?" అన్నారు.

తెలీదన్నాను. తెలీదనే హక్కు నాకు లేదు. ఎందుకంటే అలాంటి తెరని నేనే రాశాను.

మూడేళ్ళ కిందట హైదరాబాదులో ఉన్నప్పుడు నేనో అమెరికన్ రిటైల్ క్లయింటు ప్రాజెక్టులో ఉండేవాణ్ణి. బిల్లింగు మెషీను మీద విరాళం అడిగే మాడ్యూలు మా టీముదే. "వద్దు" బటను బరువు తగ్గించండి అని రిక్వైర్‌మెంటు వచ్చింది. తగ్గించాం. ఆకుపచ్చ ఒకటి, నీలం ఒకటి పెట్టి, ఏది ఎక్కువమంది నొక్కుతున్నారో చూశాం. ఆకుపచ్చ గెలిచింది. మా డామేజరు అందరికీ కాపీ పెట్టి మెచ్చుకోలు మెయిలు పంపాడు. నేను దాన్ని దాచుకుని అప్రైజల్లో చూపించుకున్నా కూడా.

నాన్న ప్రశ్న విన్న రాత్రి నాకు ఆ డేటాబేసు టేబులు గుర్తొచ్చింది. అందులో కస్టమరు ఇచ్చిన మొత్తానికి ఒక కాలమ్ ఉంది. స్టోరు ఐడీకి ఉంది. క్యాషియరు ఐడీకి ఉంది. కంపెనీ తన జేబులోంచి ఇచ్చేదానికి కాలమే లేదు. ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

సరే, అసలు గొడవలోకి వెళ్ళేముందు ఒక అబద్ధాన్ని పక్కన పెట్టాలి. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఏటా తిరిగే ఫార్వర్డు ఒకటుంది: "మీరిచ్చిన చిల్లరతో కంపెనీవాడు టాక్స్ ఎగ్గొడతాడు" అని. ఇది తప్పు. కస్టమరు కౌంటరు దగ్గర ఇచ్చిన డబ్బు కంపెనీ ఆదాయం కాదు, కాబట్టి దాన్ని తన విరాళంగా చూపించి పన్ను తగ్గించుకోవడం కుదరదు. స్టోరు మధ్యలో వసూలు చేసి అందించేవాడు, అంతే. చట్టం లెక్కలో దాత మీరే. మినహాయింపంటూ ఉంటే అదీ మీదే. 2018 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపవడంతో చాలామందికి అది ఎందుకూ కొరగాకుండా పోయిందనుకోండి. 2026 నుంచి విడిగా లెక్క చూపనివాళ్ళకి కూడా ఒంటరివాళ్ళైతే వెయ్యి, దంపతులైతే రెండువేల డాలర్ల దాకా నగదు విరాళాలకి మినహాయింపు ఉంది. రసీదులు పారెయ్యకండి.

అంటే కంపెనీ చేసేది దొంగతనం కాదు. దొంగతనమైతే తేలిగ్గా తిట్టి పడుకోవచ్చు. ఇది అంతకంటే సుతారమైన పని. మన పెద్దవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారు: అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం.

నా మొదటి గొడవ ఇదే. ఇచ్చేది క్యూలో నుంచున్నవాళ్ళు. నెలాఖరున రెండు మీటర్ల పొడవు అట్ట చెక్కు పట్టుకుని ఫొటో దిగేది కంపెనీ వైస్ ప్రెసిడెంటు. ఇది చిల్లర వ్యవహారం అనుకునేరు. ఈ లెక్కలు ప్రకటించే ఎంగేజ్ ఫర్ గుడ్ అనే సంస్థ ప్రకారం 2022లో అమెరికాలో పది లక్షల డాలర్లు దాటిన 77 కౌంటరు వసూళ్ళు కలిపితే 74.9 కోట్ల డాలర్ల పైమాటే. అదే ఏడాది న్యూయార్కులో ఒక పెద్ద మందుల షాపుల కంపెనీ మీద దావా పడింది. "మేమింత ఇస్తాం" అని కంపెనీ ముందే ఒప్పుకున్న మొత్తంలోకే కౌంటరు దగ్గర జనం ఇచ్చిందీ జమేసుకుందని ఆరోపణ. కంపెనీ తప్పు చేసిందా లేదా అన్నది కోర్టు పని. నా బాధల్లా, ఆ అనుమానం వచ్చిన కస్టమరుకి జవాబు దొరికే ఒక్క లైనైనా తెర మీద ఎందుకు ఉండదన్నదే.

రెండోది, అడిగే చోటు. ఒక సంస్థ మంచిదో కాదో చూసుకోవడానికి దాని ఫారం 990 తియ్యాలి, ఎంత ఖర్చు దేనికి పెట్టారో చదవాలి. కౌంటరు దగ్గర మనకున్న టైము నాలుగు సెకన్లు. అందులోనూ సైనికుల పేరు చెబితే ఎవడు వద్దంటాడు? ఈ సంగతి దొంగలకీ తెలుసు. 2018 జులైలో ఫెడరల్ ట్రేడ్ కమిషను, రాష్ట్రాల అధికారులు కలిసి సైనికుల పేరుతో వసూళ్ళు చేసే బూటకపు సంస్థల మీద వందకు పైగా చర్యలు ప్రకటించాల్సొచ్చింది. నిజమైన సంస్థలకీ మరక తప్పలేదు. ఊండెడ్ వారియర్ ప్రాజెక్ట్ ఖర్చుల మీద 2016 జనవరిలో పత్రికలు, టీవీ రాస్తే, మార్చికల్లా పైనున్న ఇద్దరు అధికారులూ ఇంటికెళ్ళారు. ఆ సంస్థ తర్వాత సర్దుకుని నిలబడింది, అది వేరే విషయం. నాలుగు సెకన్లలో ఇవన్నీ ఆలోచించగలిగినవాడు మనిషి కాదు, సర్వరు.

మూడోది నన్ను బాగా పొడిచింది. తర్వాతి వారం పాల కోసం మళ్ళీ వెళ్తే కౌంటర్లో ఆ పెద్దాయనే ఉన్నాడు. వెనక ఎవరూ లేరు. ఈసారి "వద్దు" నొక్కాను. "ఫర్లేదు, అడగడం నా డ్యూటీ. లోపల గోడ మీద లిస్టు పెడతారు, ఎవరు ఎంత రాబట్టారో" అన్నాడు. తనూ ఆర్మీలోనే చేశానని, తన కారు ట్రాన్స్‌మిషన్ పోయిందని, వచ్చే నెల జీతం దాకా తోటి ఉద్యోగి కార్లో వస్తున్నానని చెప్పాడు. ఫిర్యాదులా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

నాకు మాట రాలేదు. గోడ మీద ఆ లిస్టు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. క్యాషియరు ఐడీ కాలమ్ నుంచి. ఈ స్టోరులో నడిచేది నేను రాసిన కోడు కాకపోవచ్చు, కానీ అలాంటి రిపోర్టు నేను రాసిచ్చాను. మాజీ సైనికుడి కారు కోసం, కారు పాడైన మాజీ సైనికుడు, పక్క కౌంటరువాళ్ళతో పోటీపడి, నా దగ్గర 82 సెంట్లు అడగాలి. ఈ వ్యవస్థలో జేబులో చెయ్యి పెట్టనివాడు ఒక్కడే, కొట్టువాడు.

"మరి అసలేమీ లేకపోవడం కంటే ఇది నయం కదా" అంటారు. నిజమే, ఈ వాదన బలమైందే. ఇక్కడ చాలా ఊళ్ళలో కారు లేకపోతే ఉద్యోగం లేదు, ఆసుపత్రీ లేదు. ప్రభుత్వం కారు కొనుక్కోవడానికి సాయం ఇస్తుంది కానీ, అది సర్వీసు వల్ల చెయ్యో కాలో చూపో దెబ్బతినడం, తీవ్రమైన కాలిన గాయాలు, ఏఎల్‌ఎస్ లాంటి కొన్ని పరిస్థితులకే. మోకాళ్ళ నొప్పులతో, పాత కారుతో, చిన్న జీతంతో ఉన్నవాడు అందులోకి రాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి డీఏవీ అనే మాజీ సైనికుల సంస్థ 1987 నుంచి వాలంటీరు డ్రైవర్లతో బండ్లు నడుపుతోందంటేనే అవసరం ఎంతుందో అర్థం చేసుకోండి. కాబట్టి బాగుచేసిన కారు ఒక కుటుంబానికి నిజంగానే బతుకు తెరువు. ఆ పని ఆగాలని నేననను.

కానీ అదే పని వేరేలా చేసేవాళ్ళూ ఉన్నారు. 2007లో మొదలైన రీసైకిల్డ్ రైడ్స్ అనే కార్యక్రమం చూడండి. నేషనల్ ఆటో బాడీ కౌన్సిల్ వాళ్ళది. ఇన్సూరెన్సు కంపెనీ బండి ఇస్తుంది. బాడీ షాపు మెకానిక్కులు శ్రమ ఇస్తారు. ఇంకెవరో పార్టులిస్తారు. బాగైన బండి అవసరమున్న కుటుంబాలకి వెళ్తుంది, వాళ్ళలో మాజీ సైనికులూ ఉంటారు. ఇక్కడ ఎవడి దగ్గర ఏముందో వాడు అది ఇచ్చాడు, ఫొటోలో నవ్వే అర్హత ఉంది. లక్షల గజాల షెల్ఫుల్లో టైర్లు, బ్యాటరీలు, వైపరు బ్లేడ్లు అమ్మే స్టోరువాడి దగ్గర ఇవ్వడానికి నా చిల్లర తప్ప ఇంకేమీ లేదా?

ఇంకొకటి. కారు ఇచ్చేస్తే పనైపోదు. నాన్న దీని గురించి ఆలోచిస్తూ ఓ రోజు అన్నారు: "బండి ఇస్తారు సరే, ఇన్సూరెన్సు ఎవడు కడతాడు? ఏనుగునిచ్చి అంకుశానికి పిసినారితనం చేసినట్టు కాకూడదు." పాత బండికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, ఆర్నెల్లకి బ్రేకులు, ఏడాదికి బ్యాటరీ. కార్ల సంఖ్య చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. ఏడాది తర్వాత వాటిలో ఎన్ని రోడ్డు మీద ఉన్నాయో చెప్పేవాళ్ళకే నేనిస్తా.

"మన జెండా దినం డబ్బాలు మాత్రం ఏంటి" అని అడుగుతారేమో. 1949 నుంచి డిసెంబరు 7న మనమూ చిన్న జెండా గుచ్చుకుని డబ్బాలో చిల్లర వేస్తున్నాం. తేడా ఉంది. ఆ డబ్బు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి పోతుంది, దాని మీద ఏ సబ్బుల కంపెనీ లోగో ఉండదు. అలాగని మనవాళ్ళు తక్కువ తినలేదు. ఆన్‌లైను బిల్లులో అడక్కుండానే విరాళం టిక్కు పెట్టేసే విద్య మనకీ వచ్చింది. అందుకే 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో, మన అనుమతి లేకుండా బుట్టలోకి విరాళం చేర్చడాన్ని కూడా తప్పుల జాబితాలో పెట్టారు. చట్టం అక్కడిదాకా వచ్చిందంటే, అంతకుముందు ఎవరో ఆ టిక్కు కోడు రాశారనే కదా. ఎవరు? మనమే. నువ్వూ, నేనూ, పక్క క్యూబులో ఉన్నవాడూ.

నేను అడుగుతున్నది పెద్ద విప్లవమేం కాదు. తెర మీద సంస్థ రిజిస్టరైన పూర్తి పేరు ఉండాలి. "మీరు ఇచ్చే ప్రతి డాలరుకి మేము ఇంత కలుపుతాం" అన్న లైను ఉండాలి, సున్నా అయితే సున్నా అనే రాయండి. "వద్దు" బటను "అవును" అంతే ఉండాలి. క్యాషియరు ఐడీ ఆ టేబుల్లోంచి పోవాలి. ఇది మనకి రిక్వైర్‌మెంటుగా రాకపోతే, మీటింగులో నోరు తెరిచి అడగాలి. ఉద్యోగం ఊడదు. మహా అయితే మెచ్చుకోలు మెయిలు రాదు.

నా వరకు నేను కౌంటరు దగ్గర ఇక "వద్దు" నొక్కుతున్నా, సిగ్గుపడకుండా. ఏడాదికి ఒకసారి కూర్చుని, లెక్కలు చదివి, నేరుగా పంపుతున్నా. ఆ పెద్దాయన ట్రాన్స్‌మిషన్ సంగతి నాన్న ఇంకా అడుగుతూనే ఉన్నారు, ఏ మోడలు, ఎన్ని మైళ్ళు తిరిగిందని.

ఇది చదివేవాళ్ళలో అలాంటి తెరల మీద పనిచేస్తున్నవాళ్ళు ఉండే ఉంటారు. కొట్టువాడు ఎంతిచ్చాడో చూపించే ఆ ఒక్క కాలమ్, ఆ ఒక్క లైను కలపడానికి ఒక స్ప్రింటు కూడా పట్టదు. టైము లేదంటారా, చెప్పండి. శనాదివారాలు కూర్చుని నేను రాసిపెడతా, ఫ్రీగా.