పోలీసు భటుని మనోవ్యాధి

కాలు విరిగిన కానిస్టేబులును ఆసుపత్రికి పోయి పరామర్శించుట మన ఠాణాలలో మర్యాద. మనసు చెదరి నెలల తరబడి నిద్రకు దూరమైనవానికి ఆ మర్యాద లేదు. వాడు మనోవైద్యుని గడప త్రొక్కెనని తెలిసినచో తోడివారు నవ్వుదురు. పైయధికారి తుపాకి తీసికొనును. పదోన్నతి జాబితాలో తన పేరేమగునో యని వాడు దిగులుపడును. కావున రోగము చెప్పుకొనుటకంటె దాచుకొనుటయే మేలని వానికి తోచుచున్నది. పోలీసులను బోనులో నిలిపి ప్రశ్నించుట మా వృత్తి; వారియెడ మాకు మొగమాటము లేదు. అయినను ఈ విషయమున న్యాయము వారి పక్షముననే యున్నది.

వ్యాధికి మూలము కొంత కొలువులోనే కలదు. పోలీసు ఉద్యోగి సర్వకాలములందును విధిలో నున్నట్లే భావింపవలెనని 1861 నాటి పోలీసు చట్టము 22వ సెక్షనులో దొరలు వ్రాసిరి. దొరలు పోయిరి, ఆ తలంపు పోలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పోలీసులకు వారమునకొక దినము సెలవు ప్రకటించినపుడు జనులు దానిని వింతగా చెప్పుకొనిరి. (ప్రకటించిన సెలవెంత, చేతికందిన సెలవెంత యను సంగతి భటుల యిండ్లలో నడుగవలెను.) రాత్రి రోడ్డుమీద ఛిద్రమైన శవములకు పంచనామా వ్రాసినవాడే తెల్లవారి తిరునాళ్ల బందోబస్తునకు నిలువవలెను.

చట్టము లేదనుటకు వీలులేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సను ప్రతివాని హక్కుగా చేసినది. రోగి సంగతులు గోప్యముగా నుంచవలెనని దాని 23వ సెక్షను శాసించుచున్నది. 2022 అక్టోబరు 10న నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఎవరైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. అన్నింటికంటె ముఖ్యమైనది 2021 డిసెంబరునాటి సుప్రీంకోర్టు తీర్పు. మనోవ్యాధిగ్రస్తుడైన కేంద్ర రిజర్వు పోలీసు దళాధికారి యొకనిపై సాగిన శిక్షాచర్యలను న్యాయస్థానము కొట్టివేసినది. అవసరమైనచో వానిని ఆయుధముల జోలిలేని వేరుపనికి మార్చవచ్చును గాని, జీతమును కొలువు షరతులను కాపాడవలెనని స్పష్టముగా చెప్పినది.

రోగి చేతిలో తుపాకి ప్రమాదము కాదా యందురు. ప్రమాదమే. కాని చెప్పుకొన్నవాని తుపాకిని తీసి దాచవచ్చును. దాచుకొన్నవాని నడుముననే అది వ్రేలాడుచుండును! అందుచేత మేము కోరునది స్వల్పము. ఆయుధమును తాత్కాలికముగా తీసికొనుట శిక్ష కాదనియు, పదోన్నతికి అడ్డు కాదనియు లిఖితపూర్వకమైన యుత్తరువు కావలెను. ఆయుధము ధరింప దగునా, దగడా యను నొక్కమాటయే వైద్యుడు శాఖకు తెలుపవలెను. జబ్బు పేరు, మందుల చీటీ పైయధికారి బల్లమీదికి రాగూడదు. శాఖవారి ఆసుపత్రి వరుసలో నిలుచుటకు సిగ్గుపడువాడు బయటి వైద్యుని చూచుకొన్నను ఖర్చు చెల్లింపవలెను. వీనికి క్రొత్త చట్టము అక్కరలేదు. ఉభయ తెలుగు ప్రభుత్వములును రాబోవు బదిలీల జాబితాలు వెలువడకమునుపే ఈ యుత్తరువులు జారీచేయవచ్చును.