ఖాందాన్ పేరు కాదు, పుట్టిన సాల్ అడగండి

సిద్దిపేటలోనే కాదు, మన దిక్కు ఏ చిన్న టౌన్‌లోనైనా సరే, కంప్యూటర్ దుకాన్‌కు పోయి "పిల్లగానికి గేమింగ్ కంప్యూటర్ కావాలె, పైసలు తక్కువున్నయి" అని చెప్పండి. తరచుగా వినపడే జవాబు ఒకటుంది: "ఫికర్ మత్ కరో భాయ్, ఐ3 రేటుకే ఐ7 ఇస్త. పదహారు జీబీ ర్యామ్, ఫోర్ జీబీ గ్రాఫిక్ కార్డ్, లోపల రంగురంగుల లైట్లు." ఆ "ఐ7" అనే మాట వినంగనే అబ్బా జేబులో చెయ్యి పెడతడు. పిల్లగాడు దోస్తులకు మెసేజ్ కొడతడు. సౌదా అయిపోతది.

ఈ సౌదా మీద నాకు సఖ్త్ ఏతరాజ్ ఉంది. ఎందుకో హిసాబ్‌తో చెప్త, వినండి.

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ కంపెనీ తన ప్రాసెసర్లకు పెట్టుకున్న దర్జాలు. ఒకే సాల్‌లో పుట్టిన చిప్పుల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అని చెప్పటానికే అవి పనికొస్తయి. పదేళ్ల తేడా ఉన్న రెండు చిప్పులను పక్కపక్కన పెట్టి "ఏడు పెద్దదా, మూడు పెద్దదా" అని అడిగితే, తాత జాగీర్దార్ అని విని మనవడికి పిల్లనిచ్చినట్టే. జాగీర్లు 1949లోనే పోయినయి. పేరొక్కటే మిగిలింది.

అసలు సంగతి ఐ7 అన్న మాట తర్వాత వచ్చే నంబర్‌లో ఉంటది. మన బజార్లలో బాగా తిరిగే పాత చిప్ ఐ7-3770. గీత తర్వాత ఉన్న 3 అంటే మూడో తరం. అది 2012లో వచ్చింది. ఐ3-12100ఎఫ్ అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. రెండింటికీ కోర్లు నాలుగే, థ్రెడ్లు ఎనిమిదే. వేగం చూస్తే పాతది గరిష్ఠంగా 3.9 గిగాహెర్ట్జ్, కొత్తది 4.3. దుకాన్‌దార్ ఈ లెక్కలే చూపించి "దేఖో, దోనో బరాబర్, పైగా ఇది ఐ7" అంటడు.

బరాబర్ కాదు. గిగాహెర్ట్జ్ అంటే చెయ్యి ఎన్నిసార్లు ఆడింది అన్న లెక్క మాత్రమే. వరి కోసే ఇద్దరు కూలీలు నిమిషానికి అన్నేసి సార్లే కొడవలి ఆడించొచ్చు. ఒకరి గుప్పిట్లకు నాలుగు మొదళ్లొస్తే ఇంకొకరి గుప్పిట్లకు ఏడొస్తయి. పొద్దుగూకే వరకు ఎవరి మడి ముందు అయితదో వేరే చెప్పాల్నా? పదేళ్లల్ల చిప్పుల తయారీ అట్ల మారింది. ఒక్కో టిక్కుకు అయ్యే పని పెరిగింది. కాబట్టే ఆ "చిన్న" ఐ3 ఈ "పెద్ద" ఐ7ను గేముల్లోనూ, మామూలు పనుల్లోనూ సాఫ్‌గా దాటిపోతది.

ఇది వేగం సంగతి. అసలు ముసీబత్ తర్వాత మొదలైతది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైకి ఉండాలె, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా ఉండాలె. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మరి ఇప్పుడు మూడో తరం ఐ7 కొన్న కుటుంబం ఎక్కడికి పోవాలె? దుకాన్‌దార్ ఏదో జుగాడ్ చేసి విండోస్ 11 ఎక్కించి ఇస్తడు. అది పైకి నడుస్తది. కానీ మన పిల్లలు పడి చచ్చే వాలరెంట్ గేమ్ ఉంది చూడండి, విండోస్ 11 మీద అది టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ అడుగుతది. అవి లేకుంటే గేమ్ తెరుచుకోదు. ఇంకా, 2013 తర్వాతి ఇంటెల్ చిప్పుల్లో వచ్చిన ఏవీఎక్స్2 అనే సౌలత్‌ను కొన్ని కొత్త గేములు తప్పనిసరి చేసినయి. మూడో తరంలో అది లేనే లేదు. అంటే గేమింగ్ కంప్యూటర్ అని అమ్మిన డబ్బా మీద గేమే నడవకపోవచ్చు.

ఇగ ముందుకు పోదామంటే తొవ్వ బంద్. ఆ బోర్డులో కూర్చునేవి రెండో తరం, మూడో తరం చిప్పులే. ర్యామ్ డీడీఆర్3. రేపు ఏదన్నా మార్చాలంటే చిప్, బోర్డు, ర్యామ్ మూడూ పారేయాలె. బోర్డు "కొత్తది, ఏడాది వారంటీ" అని డబ్బా చూపిస్తరు. నిజమే, కొన్నిసార్లు బోర్డు కొత్తదే. కొత్త సంచిలో పాత బియ్యం పోసినట్టు! బియ్యమైతే పాతవడితే రుచి పెరుగుతది. చిప్‌కు ఆ బర్కత్ లేదు.

ఆ "ఫోర్ జీబీ గ్రాఫిక్ కార్డ్" కథ కూడా వినండి. చాలాసార్లు అది జీటీ 730. 2014 నాటి కార్డ్. జీబీలు ఎక్కువుంటే బలం ఎక్కువ అనుకునుడు ఎట్లుంటదంటే, హండీ పెద్దగుంటే బిర్యానీ బాగుంటదనుకున్నట్టు. 2021లో వచ్చిన ఏఎండీ రైజన్ 5 5600జీ ప్రాసెసర్ లోపల ఉన్న గ్రాఫిక్సే ఆ కార్డ్ కన్నా గట్టిగా పనిచేస్తది. అంటే విడిగా కార్డ్ అని పైసలు తీసుకుని, అసలు కార్డే లేని కంప్యూటర్ కన్నా తక్కువ దాన్ని అంటగడుతున్నరు.

"గరీబోళ్లకు తక్కువలో కంప్యూటర్ దొరుకుతుంటే నీకెందుకు జలన్?" అని ఒక దుకాన్‌దార్ దోస్త్ నన్ను అడిగిండు. నాకు సెకండ్ హ్యాండ్ మీద దుష్మనీ లేదు. మన ఇండ్లల్ల సగం సామాను చేతులు మారి వచ్చిందే. హైదరాబాద్ ఆఫీసుల నుంచి దిగే పాత కంప్యూటర్లలో 2018 నాటి ఐ5-8500 లాంటివి ఆరు కోర్లతో ఉంటయి, విండోస్ 11కు కూడా పనికొస్తయి. వాటికి అదనపు కరెంట్ వైర్ అక్కర్లేని చిన్న గ్రాఫిక్ కార్డ్ పెట్టుకుంటే గరీబ్ పిల్లగానికి అది హలాల్ ఖుషీ. నా ఏతరాజ్ పాతది అమ్ముడు మీద కాదు. పాతదాన్ని పేరు చాటున దాచి అమ్ముడు మీద.

మన దీన్‌లో దీనికి జవాబు కొత్తగా వెతకాల్సిన పని లేదు. బజార్లో ధాన్యపు రాశిలో రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెయ్యి పెట్టి, పైన పొడి, లోపల తడి చూసి ఆ వ్యాపారిని నిలదీసిన హదీస్ మన పిల్లలకు కూడా తెలుసు. తడి ధాన్యం అమ్మొద్దని కాదు, తడిని కింద దాచొద్దని. లైట్లు పైన, 2012 లోపల: ఇది ఆ తడి ధాన్యమే. జుమా నాడు మొదటి సఫ్‌లో నిలబడి, అసర్ తర్వాత "ఐ7 హై భాయ్" అని అమ్మేటోళ్లు ఒక్కసారి సోచాయించాలె. చిప్ నంబర్ అడిగిన గ్రాహక్‌ను "ఆప్‌కు ఏం తెలుస్తది" అని నోరు మూయించుడు కూడా ఐబ్‌ను దాచుడే.

ఇగ మన ఇండ్ల సంగతి. దుకాన్‌దార్‌నే అని వదిలేస్తే ఇన్సాఫ్ కాదు. బంగారం కొనేటప్పుడు మన అమ్మీలు, ఖాలాలు హాల్‌మార్క్ చూస్తరు. నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ ఉందా అని అద్దం పెట్టి వెతుకుతరు. ఖుర్బానీ బక్రా కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు చూస్తరు, వయసు నిండిందా లేదా అని. బక్రా వయసు అడిగే కౌమ్ చిప్ వయసు ఎందుకడగదు? దుబాయ్‌లనో, రియాద్‌లనో ఎండల నిలబడి పంపిన కమాయి అది. కొన్ని ఇండ్లల్ల అమ్మీ కమ్మలు గిర్వీ పెట్టిన పైసలు. పిల్లగాని జిద్‌కు పేరు పెద్దదైతే చాలనుకుని ఆ పైసలు పోస్తరు. ఏడాదికి డబ్బా మొరాయిస్తది. అప్పుడు డిగ్రీ చదివే బిడ్డ "నాకు ప్రాజెక్ట్ పనికి కంప్యూటర్ కావాలె" అంటే "నీ అన్నకు కొన్నం కదా, ఇంక పైసల్లేవు, ఫోన్‌ల చేసుకో" అంటరు. ధోకా అయ్యింది అన్నకు, జుర్మానా కట్టింది చెల్లె.

ఇది నేను ఊరికే బాధతో అంటలేను. నాలాగ ఉర్దూ మీడియంల చదివిన పెద్దలు మన ఇండ్లల్ల ఎందరో. చిప్పుల గురించిన రాతలు ఎక్కువగా ఇంగ్లిష్‌లనే ఉన్నయి. కొటేషన్ కాగితం కూడా ఇంగ్లిషే. చదవలేక, అడగటానికి షరమ్ పడి తల ఊపుతున్నరు. ఈ షరమ్ మీదనే ఆ దందా నడుస్తున్నది.

మరేం కొనాలె? నా రాయ్ సాఫ్‌గా చెప్త.

విడిగా గ్రాఫిక్ కార్డ్ కొనే తాఖత్ ఇప్పుడు లేకుంటే రైజన్ 5 5600జీ తీసుకోండి. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపలే గ్రాఫిక్స్. సెట్టింగ్స్ తగ్గించుకుంటే వాలరెంట్, జీటీఏ 5, మైన్‌క్రాఫ్ట్ ఆడుకోవచ్చు. ర్యామ్ మాత్రం పదహారు జీబీ ఒకే కడ్డీగా వద్దు, ఎనిమిది ఎనిమిది రెండు కడ్డీలుగా పెట్టించండి. లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామ్ మీదనే బతుకుతది. రెండు దార్లుంటే దానికి ఊపిరాడతది.

కార్డ్ కొనే పైసలుంటే ఐ3-12100ఎఫ్ గానీ, 2022లో వచ్చిన రైజన్ 5 5500 గానీ చాలు. అంతకు మించి ప్రాసెసర్ మీద పెట్టకండి, మిగిలింది కార్డ్ మీద పెట్టండి. గేమ్‌లో బొమ్మ గీసే బరువు ఎక్కువగా మోసేది కార్డే. ఒక్క జాగ్రత్త: ఇంటెల్‌లో చివర "ఎఫ్" ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, రైజన్ 5500లోనూ ఉండదు. కార్డ్ లేకుండా వీటిని తెస్తే తెర మీద చీకటే. ఏఎండీలో "జీ" ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉన్నట్టు. ఈ ఒక్క అక్షరం తెలియక దుకాన్‌కు రెండుసార్లు తిరిగినోళ్లున్నరు.

ఈ రెండు తొవ్వల్లోనూ రేపటికి దారి ఉంటది. 12100ఎఫ్ కూర్చునే బోర్డులో పదమూడు, పద్నాలుగో తరం చిప్పులు కూడా కూర్చుంటయి. రైజన్ 5500 తీసి అదే బోర్డులో ఎనిమిది కోర్ల చిప్ పెట్టుకోవచ్చు. ఇవి నడిచేది డీడీఆర్4 మీద. డీడీఆర్5 అడిగే ఏఎం5 బోర్డులు ఇంకా ఎక్కువ కాలం నడుస్తయి, నిజమే. కానీ ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్ల మెమరీ ధరలు మండిపోయినయి. తక్కువ బజట్ కుటుంబం ఆ వెనక పరుగెత్తాల్సిన మజ్బూరీ లేదు. లైట్ల ఫ్యాన్లు ఆపేసి ఆ పైసలు మంచి పవర్ సప్లై మీద పెట్టండి. కరెంట్ ఎగిరిపడే మన గల్లీల్లో అదే పూరా డబ్బాకు ఇమామ్ జామిన్.

"అసలు గేమ్సే హరామ్, నువ్వు వాటికి ప్రాసెసర్ చెప్తున్నవా?" అనే బుజుర్గులకు అదబ్‌తో ఒక మాట. నమాజ్ కజా చేసే ఆట, రాత్రంతా మేల్కొలిపే ఆట తప్పే. దాన్ని నేను సమర్థించ. కానీ ఆటనూ జూదాన్నీ ఒకే గంపల వేయకండి. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే బంద్ చేసింది. పైసల గేములను దేశమంతా నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను ఆటగా గుర్తించింది. సర్కార్‌కు తెలిసిన ఫరక్ మనకు తెలియొద్దా? దుప్పటి కింద ఫోన్‌ల ఏం ఆడుతున్నడో మీకు కనపడదు. హాల్‌లో పెట్టిన కంప్యూటర్ అందరికీ కనపడతది. అదే డబ్బా మీద కోడింగ్ నేర్చుకోవచ్చు, వీడియో ఎడిటింగ్ నేర్చుకోవచ్చు, చెల్లె ప్రాజెక్ట్ చేసుకోవచ్చు. సిద్దిపేటకు 2023లో ఐటీ టవర్ వచ్చింది. ఏఎండీకి, ఇంటెల్‌కు హైదరాబాద్‌లోనే ఇంజినీరింగ్ సెంటర్లున్నయి. ఆ చిప్పుల మీద పనిచేసే ఇంజినీర్లు వంద కిలోమీటర్ల దూరంల ఉంటే, వాటి నంబర్ చదవటం రాక మనం మోసపోవుడు ఎంత అఫ్సోస్!

కాబట్టి దుకాన్‌కు పోయినప్పుడు నాలుగు పనులు చేయండి. "ఐ7 ఏ నంబర్?" అని పూరా నంబర్ అడగండి. కంప్యూటర్ ఆన్ చేయించి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద క్లిక్ చేయండి. ప్రాసెసర్ పేరు అక్కడ అబద్ధం లేకుండా కనపడతది. బిల్లు మీద ఆ పూరా నంబర్, కొత్తదా పాతదా అన్నది రాయించండి. రాయనంటే సలామ్ చెప్పి బయటికి రండి. రాసినట్టు ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు ఫీజు కూడా లేదు.

ఇజ్జత్ ఐ7 అనే స్టిక్కర్‌ల లేదు. మీ పసీనా పైసలకు సరిపడా మాల్ మీ ఇంటికి వచ్చిందా లేదా అన్నదాంట్ల ఉంది. అడగండి. అడిగినోణ్ని చూసి దుకాన్‌దార్ నవ్వితే నవ్వనియ్యండి. మీ తర్వాత వచ్చే నలుగురు కూడా అదే సవాల్ అడిగితే, ఆ నవ్వు ఎన్ని రోజులుంటదో నేనూ చూస్త.